రెండు, ఆరు, పదమూడు, ఇరవై ఆరు

ఏప్రిల్ వచ్చిందంటే మా హైటెక్ సిటీలో రెండు రకాల వేడి. ఒకటి రాయదుర్గం మెట్రో మెట్లు దిగగానే నెత్తిన కొట్టేది. రెండోది ఏసీలో కూర్చున్నా చెమటలు పట్టించేది, అప్రైజల్ లెటర్లు. పోయిన వారం మా ఇంటి ఓనరు అద్దె పెంచిన కథ రాస్తే 'పోనీలెండి, మీ జీతం కూడా పెరుగుతుందిగా' అని చాలామంది ఓదార్చారు. మీ నోటి చలవ, పెరిగింది. నాలుగు శాతం. హోదా మాత్రం కదల్లేదు. ఇలా కదలకపోవడం వరసగా ఇది మూడో ఏడు.

మా మేనేజర్ మంచివాడే. మీటింగ్ రూమ్ తలుపు వేసి, నీళ్ళ బాటిల్ నా వైపు జరిపి, 'నువ్వు రెడీగానే ఉన్నావ్. బడ్జెట్టే రెడీగా లేదు' అన్నాడు. పోయినేడు 'ఇంకో రెండు క్వార్టర్లు' అన్నాడు. అంతకు ముందేడు 'కొంచెం విజిబిలిటీ పెంచుకో' అన్నాడు. నా ఎత్తు అయిదడుగుల పదకొండు అంగుళాలు, ఇంకెంత కనబడాలో అర్థం కాలేదు.

సీటు దగ్గరికొచ్చి రాజీనామా ఉత్తరం ఒకటి టైపు చేసి డ్రాఫ్ట్స్‌లో పడేశాను. తర్వాత కడుపుమంట కొంచెం పంచుకుందామని విశాఖలో ఉన్న మావాడికి మెసేజ్ పెట్టాను. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నా హాస్టల్ రూమ్మేట్, ఇప్పుడు నేవీలో ఆఫీసరు. 'ఒరేయ్, మీ దాంట్లో ప్రమోషన్ ఎన్నాళ్ళకొస్తుంది?' అని అడిగాను. ఓడ మీద ఉన్నాడో ఏమో, రెండు రోజులు నీలం టిక్కులు పడలేదు. మూడో రోజు పొద్దున్నే జవాబొచ్చింది. '2, 6, 13, 26.'

ముందు ఓటీపీ అనుకున్నాను.

అంకెల వెనక కథ చెబుతా వినండి. నేవీలో ఆఫీసరుగా కమిషన్ పొందిన రోజు నుంచి గడియారం మొదలవుతుంది. అప్పటి హోదా సబ్ లెఫ్టినెంట్, భుజం మీద ఒక చార. రెండేళ్ళు నిండితే లెఫ్టినెంట్, రెండు చారలు. ఆరేళ్ళు నిండితే లెఫ్టినెంట్ కమాండర్, రెండు చారల మధ్య ఇంకో సన్న చార. పదమూడేళ్ళకి కమాండర్, మూడు చారలు. ఇవన్నీ సర్వీసు లెక్కన, టైం స్కేల్ ప్రకారం వచ్చేవి. మధ్యలో పాసవ్వాల్సిన పరీక్షలుంటాయి, ఆరోగ్యం సరిగ్గా ఉండాలి, ఓడని నడిపే వంతు ఒంటరిగా చేయగలడని వాచ్ కీపింగ్ టికెట్ సంపాదించాలి. అవి దాటితే ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ కనబడక్కర్లేదు. తేదీ వస్తుంది, చార వస్తుంది.

మరి ఇరవై ఆరు? పదమూడుకీ ఇరవై ఆరుకీ మధ్య మొత్తం కథంతా ఉంది. అక్కడికి వస్తా.

ముందు మావాడి సంగతి. 2019లో ఇంజనీరింగ్ అయిపోతుండగా ఇద్దరం కలిసి నేవీకి అప్లై చేశాం. కాచిగూడలో రైలెక్కి బెంగళూరు సర్వీస్ సెలెక్షన్ బోర్డుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. అయిదు రోజులు ఛాతీ మీద నంబరు గుడ్డ కట్టుకుని తాళ్ళెక్కాం, కథలు రాశాం, గుంపుగా కూర్చుని వాదించుకున్నాం. అయిదో రోజు మధ్యాహ్నం పిలిచిన నంబర్లలో వాడిది ఉంది, నాది లేదు. తిరుగు రైల్లో నేనొక్కణ్ణే. వాడు మెడికల్‌కి ఆగిపోయాడు. ఆ ప్రయాణం గురించి ఇప్పటికీ ఎక్కువ మాట్లాడను. ఆ సెప్టెంబర్‌లో మాదాపూర్‌లో నెలకి పాతికవేలు కూడా చేతికి రాని ఉద్యోగంలో చేరాను. 2020 జనవరిలో వాడు కేరళలోని ఎళిమలకి వెళ్ళాడు, ఇండియన్ నేవల్ అకాడమీ ఉన్న చోటికి.

అంటే మొన్న జనవరికి వాడికి ఆరేళ్ళు నిండాయి. లెఫ్టినెంట్ కమాండర్ అయ్యాడు. నాకూ ఉద్యోగంలో ఆరేళ్ళు దాటాయి. నేనేమయ్యానో పైన చెప్పాను.

వాడి ప్రమోషన్ల విషయంలో అందరికంటే ఎక్కువ బాధపడింది బొబ్బిలి దగ్గర ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మగారు. నాలుగేళ్ళ కిందట వాడు లెఫ్టినెంట్ అయినప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసి 'మా పక్కింటి వాళ్ళ మేనల్లుడు ఆర్మీలో అప్పుడే కెప్టెనైపోయాడట నాయనా, మావాడేంటి ఇంకా లెఫ్టినెంటు దగ్గరే ఉన్నాడు, సరిగ్గా పని చేయట్లేదా?' అని అడిగారు. ఆవిడకి అర్థమయ్యేట్టు చెప్పడానికి అరగంట పట్టింది. నేవీ లెఫ్టినెంటూ ఆర్మీ కెప్టెనూ సమానం. నేవీ లెఫ్టినెంట్ కమాండర్ అంటే అక్కడ మేజర్. నేవీ కమాండర్ అంటే లెఫ్టినెంట్ కల్నల్. నేవీలో కెప్టెన్ అంటే మామూలు మాట కాదు, కల్నల్‌తో సమానం. ఇది చాలదన్నట్టు, ఓడకి అధిపతిగా ఉన్నవాడి హోదా ఏదైనా సరే, ఆ ఓడ మీద అతన్ని కెప్టెన్ అనే అంటారు. అంతా విని ఆవిడ, 'అయితే పక్కింటావిడకి ఏమని చెప్పమంటావు?' అన్నారు. 'సమానం అని చెప్పండమ్మా' అన్నాను. ఆ జవాబు ఆవిడకి నచ్చలేదు. హోదాల పేర్లతో మోసపోవడం మాకు మాత్రం కొత్తా? నానక్‌రామ్‌గూడ వైపు కొన్ని బ్యాంకుల ఆఫీసుల్లో ఫ్లోరుకి అరడజను మంది వైస్ ప్రెసిడెంట్లు లిఫ్టు కోసం క్యూలో నిలబడతారు.

మావాడి భార్య గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది. పెళ్ళయి ఏడాదిన్నర. సంబంధం మాట్లాడడానికి వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. కూకట్‌పల్లిలో వాళ్ళిల్లు. అమ్మాయి నాన్నగారు 'బాబుకి తర్వాతి ప్రమోషన్లు ఎప్పుడండీ?' అని అడిగితే మావాడు నెలతో సహా చెప్పేశాడు. '2026 జనవరి ఒకటి, 2033 జనవరి ఇంకోటి.' ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న నన్ను అడిగి ఉంటే నేనేం చెప్పేవాణ్ణి? బడ్జెట్ రెడీ అయినప్పుడనా?

మొన్న శనివారం వాడు సెలవు మీద వచ్చాడు. కొండాపూర్‌లో మేమెప్పుడూ వెళ్ళే టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఎగతాళి చేస్తాడనుకున్నాను గానీ చేయలేదు. 'నీకు రాలేదని ఏడుస్తున్నావు. నాకు వచ్చింది. వచ్చిన రోజు పొద్దున ఏమైందో తెలుసా? మా కోర్సులో అందరికీ అదే రోజు వచ్చింది. బాగా చేసినవాడికీ, గడిపేసినవాడికీ. నాకు ఎవడూ కంగ్రాట్స్ చెప్పలేదు, అందరూ ఒకడికొకడు చెప్పుకున్నాం' అన్నాడు. పైగా ఒకే కోర్సులో ఎవరు సీనియర్, ఎవరు జూనియర్ అనేది శిక్షణలో వచ్చిన మార్కుల వరసతో తేలిపోతుందట. ఇరవై రెండేళ్ళకి రాసిన పరీక్ష మరి ముప్పై ఏళ్ళూ వెంటబడుతుంది. ఎంసెట్ ర్యాంకు ఐడీ కార్డు మీద ముద్రించుకుని తిరిగినట్టు.

తర్వాత అసలు విషయం బయటపెట్టాడు. వాడు షార్ట్ సర్వీస్ కమిషన్ మీద చేరాడు. పదేళ్ళు, ఆ పైన పొడిగిస్తే పద్నాలుగు. లెక్క వేయండి. 2030 జనవరికి పదేళ్ళు. పొడిగించుకుంటే 2033లో మూడో చార వస్తుంది. 2034లో ఇంటికి. కొత్త చార భుజం మీద ఒక్క ఏడాది పాతబడుతుందేమో. పెన్షన్ కావాలంటే ఆఫీసరుకి ఇరవై ఏళ్ళ సర్వీసుండాలి, అది పద్నాలుగుతో రాదు. పర్మనెంట్ కమిషన్‌కి ఎంపికైతే వేరే సంగతి. అది ఖాళీలను బట్టీ, రికార్డును బట్టీ ఉంటుంది. అప్పుడు మామగారికి చెప్పిన '2033 జనవరి' పక్కన ఈ షరతు వాడు చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా.

జీతం లెక్కా చిన్నదేం కాదు. ఏడో వేతన సంఘం పట్టికలో లెఫ్టినెంట్ కమాండర్ మూలవేతనం 69,400 దగ్గర మొదలవుతుంది. కమాండర్‌ది 1,21,200 దగ్గర. ఆ మెట్టుకీ ఈ మెట్టుకీ మధ్య ఉన్నంత ఎత్తు నిచ్చెనలో ఇంకెక్కడా లేదు. కమాండర్ నుంచి కెప్టెన్‌కి మొదటి అంకె 1,30,600 మాత్రమే. అంటే డబ్బుకి సంబంధించినంత వరకు పదమూడో ఏడే పెద్ద పండగ. ఆ పండగ చేసుకోవాలంటే వాడు ఇంకో ఏడేళ్ళు విశాఖలోనో, కొచ్చిలోనో, కార్వార్‌లోనో, ఎక్కువ భాగం నీళ్ళ మీదనో ఉండాలి. చెల్లెమ్మ గచ్చిబౌలిలో ఉండాలి.

'నాలుగేళ్ళ తర్వాత వచ్చేస్తే మీవాళ్ళు నన్ను ఏ పోస్టులో తీసుకుంటారు?' అని అడిగాడు. టీ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూస్తూ అడిగాడు. బెంగళూరులో వాడి నంబరు పిలిచినప్పుడు నేను చూసినట్టు.

నాకు తెలీదు. కానీ తెలిసినవారొకరు ఉన్నారు.

మా క్యాంపస్‌కి అడ్మిన్ హెడ్ ఒక రిటైర్డ్ నేవీ కమాండర్. ఐటీ కారిడార్‌లో ఇది మామూలే. గేట్లూ, బస్సులూ, క్యాంటీనూ, ఫైర్ డ్రిల్లూ చూసుకునే పెద్దాయన ఎవరా అని ఆరా తీస్తే తరచూ మాజీ సైనికాధికారే అవుతాడు. మాయన పార్కింగ్‌లో అడ్డంగా బండి పెడితే ఒక్క మాట అనరు, పక్కన వచ్చి నిలబడతారు. అంతే, మనమే తీసేస్తాం. అందరూ 'కమాండర్ సర్' అంటారు. అది హోదా అని తెలీక నిక్‌నేమ్ అనుకునే పిల్లలు కూడా ఉన్నారు. సోమవారం లంచ్ తర్వాత వెళ్ళి, మావాడి అంకెలు నాలుగూ చెప్పి, 'సర్, పదమూడుకీ ఇరవై ఆరుకీ మధ్య ఏముంటుంది?' అని అడిగాను.

'నేనుంటాను' అన్నారు.

ఆయన 1989లో కమిషనయ్యారు. అప్పట్లో కమాండర్ కావాలన్నా బోర్డు దాటాల్సిందే. టైం స్కేల్ కాదు, సెలెక్షన్. 2003లో ఆయన బోర్డు గట్టెక్కి మూడో చార వేసుకున్నారు. ఇంట్లో పండగ. సరిగ్గా మరుసటేడు, 2004 డిసెంబర్‌లో అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ సిఫార్సులు అమల్లోకి వచ్చాయి. కార్గిల్ యుద్ధం తర్వాత, దళాలని ముందుండి నడిపే అధికారుల వయసు మరీ ఎక్కువగా ఉంటోందని వేసిన కమిటీ అది. సిఫార్సులు అమల్లోకి వచ్చే నాటికి ఆయన రక్షణ శాఖ కార్యదర్శి. త్రివిధ దళాలకీ గడువులు తగ్గించి రెండు, ఆరు, పదమూడు చేశారు. 'నేను పద్నాలుగేళ్ళు కష్టపడి, పోటీపడి తెచ్చుకున్న చారని పదమూడు నిండినవాళ్ళందరికీ ఒకేసారి ఇచ్చేశారు' అని నవ్వారు కమాండర్ సర్. 'కోపం రాలేదా సర్?' అంటే, 'వచ్చింది. నా జూనియర్ల భార్యలు మా ఇంటికి స్వీట్లు తెచ్చారు. తిన్నాం' అన్నారు.

ఈ కమిటీ మంచి చేసిందా చెడు చేసిందా అని సైన్యంలో ఇప్పటికీ వాదులాడుకుంటారట. నా మట్టుకు నాకు ఇది బాగా తెలిసిన కథ. పాతకాలంలో మా దాంట్లో 'సీనియర్' అనే ముక్క రావాలంటే తల పండాలి. ఇప్పుడు మూడేళ్ళకే ఇచ్చేస్తున్నారు, చేసే పని మాత్రం అదే. నేవీలో కూడా లెఫ్టినెంట్ కమాండర్ చేసే పనిని కమాండర్ చేయడం మొదలైందని కమాండర్ సర్ అంటారు. కానీ ముప్పై అయిదేళ్ళ వాడికి, ఇద్దరు పిల్లలున్నవాడికి, ఎదురుచూడక్కర్లేకుండా జీతం పెరగడాన్ని నేను తక్కువ చేయలేను. హోదా పలచబడిందనే ఫిర్యాదు ఎప్పుడూ హోదా దొరికినవాళ్ళ నుంచే వస్తుంది.

కమాండర్ నుంచి పైకి మాత్రం దారి సన్నం. పదిహేనేళ్ళ సర్వీసు దాటాక కెప్టెన్ హోదాకి సెలెక్షన్ బోర్డు కూర్చుంటుంది. ఏటేటా రాసిన రహస్య నివేదికలు, చేసిన ఉద్యోగాలు, సముద్రం మీద గడిపిన కాలం, అన్నీ ముందు పెట్టుకుంటుంది. ఉన్న ఖాళీలు ఇన్ని, వరసలో ఉన్న బ్యాచ్ ఇంత. మా బెల్ కర్వ్ లాంటిదే గానీ, అక్కడ చివర ఉన్నవాళ్ళు చెడ్డగా పని చేసినవాళ్ళు కారు. అందరూ వడపోతలు దాటొచ్చినవాళ్ళే. మొదటిసారి రాకపోతే రెండోసారి చూస్తారు, ఆపైన మూడోసారి. తర్వాత ఇక చూడరు.

'మొదటిసారి రానప్పుడు, పర్లేదు వచ్చేసారి అన్నారందరూ. రెండోసారి రానప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మూడోసారి సిగ్నల్ వచ్చిన రోజు మెస్‌లో నా కోసం ఎవరో కుర్చీ లాగి పెట్టారు. ఎప్పుడూ అలా లాగేవారు కాదు. అప్పుడే అర్థమైంది' అన్నారాయన. ఆయన ఆ బోర్డుని ఒక్క మాట అనలేదు. ఖాళీలు అన్నే ఉన్నాయి, నా ముందున్నవాళ్ళు నాకంటే బాగా చేశారేమో, ఏమో, అన్నారు. కానీ నిన్నటిదాకా 'ఒరేయ్' అనుకున్న కోర్స్‌మేట్‌కి ఇవాళ పొద్దున సెల్యూట్ కొట్టాలి. ఆ చెయ్యి ఎంత బరువుంటుందో చెప్పడానికి ఆయన తన కుడి చెయ్యి కొంచెం పైకెత్తి, మళ్ళీ టేబుల్ మీద పెట్టేశారు.

ఇరవై ఆరు అంకె ఇలాంటివాళ్ళ కోసమే. బోర్డు దాటని కమాండర్‌కి ఇరవై ఆరేళ్ళ సర్వీసు నిండితే కెప్టెన్ హోదా ఇస్తారు. పేరు తర్వాత బ్రాకెట్లో 'టీఎస్' అని ఉంటుంది, టైం స్కేల్ అని. నాలుగు చారలూ వస్తాయి, జీతమూ వస్తుంది. చేసే ఉద్యోగం మాత్రం కమాండర్ స్థాయిదే. మన కమాండర్ సర్ దాని కోసం ఆగలేదు. ఇరవై దాటి పెన్షన్ ఖాయం కాగానే 2010లో కాగితం పెట్టి బయటికొచ్చేశారు. 'బ్రాకెట్లో బతకలేననిపించింది. అప్పుడు నా వయసు నలభై మూడు, పొగరు ఇరవై మూడు. ఆ మొండితనం వల్ల పెన్షన్‌లో నెలకెంత పోయిందో మా ఆవిడ ఇప్పటికీ లెక్క చెబుతుంది' అన్నారు.

ఆయనుండేది సైనిక్‌పురిలో. అక్కడే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఉంది. 1970లో పెట్టిన సంస్థ. మూడు దళాల నుంచీ కల్నల్ స్థాయి అధికారులు ఏడాది కోర్సుకి అక్కడికి వస్తారు. నేవీ నుంచి వచ్చేది బోర్డు దాటిన కెప్టెన్లు. ప్రతి ఏడూ కొత్త బ్యాచ్, వేరే రాష్ట్రాల నంబర్ ప్లేట్లున్న కార్లు, స్కూలు అడ్మిషన్ల కోసం తిరిగే కుటుంబాలు. 'కూరగాయల కొట్టు దగ్గర చూడగానే గుర్తుపడతాను. నేవీ వాడి నడకే వేరు. పలకరిస్తాను. నా కంటే పదేళ్ళు చిన్నవాడు, సర్ అంటాడు' అన్నారు. అంటూ కిటికీ లోంచి పార్కింగ్ వైపు చూశారు. అక్కడ ఎవడో మళ్ళీ అడ్డంగా పెట్టాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఈ ఎదురుచూపుల చరిత్రంతా తవ్వి కూర్చున్నాను. రాజీనామా ఉత్తరం పంపకుండా ఉండడానికి అదొక వంక అనుకోండి.

నెల్సన్ ఇరవై ఏళ్ళకే కెప్టెనయ్యాడు, 1779లో. ఆ తర్వాత ఎంత సాహసం చేసినా రియర్ అడ్మిరల్ కావడానికి 1797 దాకా, పద్దెనిమిదేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే అప్పటి బ్రిటిష్ నేవీలో కెప్టెన్ పైన అంతా సీనియారిటీయే. మీ పైనున్నవాళ్ళు చనిపోవాలి, అప్పుడు మీరు ఒక మెట్టెక్కాలి. దాంతో ముసలి కెప్టెన్లు పోగుపడి పనికొచ్చేవాళ్ళకి దారి దొరక్కుండా పోయింది. 1747లో దానికో కిటుకు కనిపెట్టారు. పనికిరాడనుకున్న సీనియర్‌ని అడ్మిరల్ చేసేసి, ఏ నౌకాదళాన్నీ అప్పగించకుండా ఇంటికి పంపడం. వాళ్ళని 'పసుపు అడ్మిరల్' అని వెక్కిరించేవారు. మా దాంట్లో 'స్ట్రాటజిక్ ఇనీషియేటివ్స్' అనే పోస్టొకటుంటుంది, అలాంటిదే.

అమెరికా నేవీ ఇంకో దారి పట్టింది. 1980లో తెచ్చిన చట్టం ప్రకారం పైకెక్కు, లేదా దిగిపో. అక్కడ లెఫ్టినెంట్ కమాండర్ కావడానికే సుమారు తొమ్మిది నుంచి పదకొండేళ్ళు, కమాండర్‌కి పదిహేను నుంచి పదిహేడు, కెప్టెన్‌కి ఇరవై ఒకటి నుంచి ఇరవై మూడు. రెండుసార్లు బోర్డు తప్పితే చాలావరకు సర్దుకోవాల్సిందే. మన నేవీ మొదట్లో అమెరికా కంటే తొందరగా చారలిస్తుంది, తర్వాత గుమ్మం దగ్గర నిలబెడుతుంది, కానీ ఇంట్లోంచి వెళ్ళగొట్టదు. ఈ రెంటిలో ఏది దయ అనేది నేను తేల్చుకోలేకపోయాను. సైబరాబాద్‌లో మాకు రెండూ ఉన్నాయి, పైకి రానివ్వరు, ఉండనిస్తారన్న నమ్మకమూ లేదు.

కాలం కలిసొస్తే మాత్రం అంకెలన్నీ తలకిందులే. చెంగల్పట్టులో పుట్టిన రామ్‌దాస్ కటారి 1927లో 'డఫరిన్' శిక్షణ నౌక మొదటి బ్యాచ్ క్యాడెట్. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు రిజర్వు నౌకాదళంలో చేరారు. యుద్ధం, స్వాతంత్ర్యం, వెళ్ళిపోయిన బ్రిటిషర్లు ఖాళీ చేసిన కుర్చీలు. 1958 ఏప్రిల్ 22న నేవీకి తొలి భారతీయ అధిపతి అయ్యారు. వయసు నలభై ఆరు. ఆర్మీకి 1949లోనే, వైమానిక దళానికి 1954లోనే మనవాళ్ళు వచ్చేశారు, నేవీయే ఆఖరు. చేరినప్పటి నుంచి చీఫ్ కావడానికి ఆయనకి ఇరవై ఏళ్ళు పట్టలేదు. 2024 ఏప్రిల్ 30న చీఫ్ అయిన దినేశ్ త్రిపాఠీ 1985 జులైలో కమిషనయ్యారు. దాదాపు ముప్పై తొమ్మిదేళ్ళు. ఆయన తక్కువవాడనా? కాదు, ఆయన ముందు కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మా క్యాంపస్‌లో కూడా సైబర్ టవర్స్ కట్టిన కొత్తలో, 1998 ప్రాంతంలో చేరినవాళ్ళు ముప్పై అయిదుకే డైరెక్టర్లయ్యారు. ఇప్పుడు వాళ్ళే కదలకుండా కూర్చున్నారు.

కొందరికి చాలాకాలం పాటు గుమ్మమే లేదు. షార్ట్ సర్వీస్ మీద చేరిన మహిళా అధికారులకి ఎక్కువ బ్రాంచుల్లో పర్మనెంట్ కమిషన్ ఉండేది కాదు. పద్నాలుగేళ్ళు ఎంత బాగా చేసినా తర్వాతి బోర్డు అనే మాటే లేదు. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పిచ్చాకే ఆ దారి తెరుచుకుంది. మావాడు ఎళిమల వెళ్ళిన ఏడాదే అది. వాడి ఓడ మీద సీనియర్ ఒకావిడ ఇప్పుడు ఆ బోర్డు కోసం చదువుతున్నట్టు కష్టపడుతోందట.

మంగళవారం మళ్ళీ కమాండర్ సర్ దగ్గరికి వెళ్ళి మావాడి ప్రశ్న అడిగాను. ఇప్పుడు పదేళ్ళకి బయటికొస్తే ఏ పోస్టిస్తారు? ఆయన జవాబు చెప్పలేదు. 'ఏ బ్రాంచ్? ఏ కోర్స్?' అని ఎదురడిగారు. చెప్పాను. 'వాచ్ కీపింగ్ టికెట్ ఎన్నాళ్ళకి తెచ్చుకున్నాడు?' అది నాకు తెలీదు. 'ఫోన్ కలుపు' అన్నారు.

కలిపాను. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇటు వైపు మాటలే నాకు వినబడ్డాయి, అందులో సగం అర్థం కాలేదు. ఓడల పేర్లు, ఎవరివో పాత సీఓల పేర్లు, మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వు. అంత గట్టిగా ఆయన నవ్వడం ఎప్పుడూ వినలేదు. 'వద్దు... ఒడ్డు మీద పోస్టింగ్ ఇప్పుడే అడక్కు... ముందు సీ టైం... పర్మనెంట్‌కి రాసిపెట్టు, రాకపోతే అప్పుడు చూద్దాం...' తర్వాత గొంతు తగ్గించి, 'మీ ఆవిడ ఏమంటోంది?' అని అడిగారు. అవతల జవాబు చాలాసేపు సాగింది. ఆయన 'ఊఁ... ఊఁ...' అంటూ విన్నారు. నా ఫోన్ ఆయన చేతిలో, ఆయన టీ నా ముందు, మీగడ కట్టిపోయింది. ఈలోగా ల్యాప్‌టాప్‌లో మా మేనేజర్ రెండుసార్లు పింగ్ చేశాడు, ఎక్కడున్నావని.

ఫోన్ తిరిగిచ్చాక, 'సర్, ఇక్కడ మీకు తర్వాతి ప్రమోషన్ ఎప్పుడు?' అని అడిగాను, ఊరికే.

'ఇక్కడ నా పైన పోస్టే లేదు బాబూ' అన్నారు. టోపీ లేని తల సర్దుకుని, పార్కింగ్‌లోకి వెళ్ళిపోయారు.